యాప్రాల్‌కు వచ్చిన పదమూడో ట్యాంకర్

"మందు పనిచేస్తోందా?" చీఫ్ రాజేందర్ అడిగాడు.

"మూడో రోజు. జ్వరం దిగింది సార్," అన్నాడు ఏజెంట్ వేణుమాధవ్. అతని భార్య సృజన ఐసీయూలో ఉంది. ఆమె ఒంట్లోని బ్యాక్టీరియా ఒకే ఒక్క యాంటీబయాటిక్‌కు లొంగింది.

"ఆ మందు తయారీలో మిగిలే వ్యర్థాన్నే ఒక విదేశీ ముఠా ఈ రోజు మన మురుగులో కలపబోతోంది. క్రిములు దానికీ అలవాటు పడితే ఇక వాళ్లు అమ్మే కొత్త మందే గతి. ఈ కుట్రను కనిపెట్టిన మన కెమిస్ట్ జోగారావును పొద్దున చంపేశారు. బండి సెప్టిక్ ట్యాంకర్ వేషంలో వస్తుంది. యాప్రాల్ మురుగుశుద్ధి ప్లాంటుకు వెళ్లు. భానుప్రియ తోడుంటుంది."

భానుప్రియ ముఠాలో మన మనిషి. అలాగని మనవాళ్లు నమ్ముతున్నారు.

మధ్యాహ్నానికల్లా వేణుమాధవ్ ఖాకీ చొక్కా వేసుకుని హెల్పర్‌లా గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కనున్న భానుప్రియకు, ప్లాంటు ఆపరేటర్ భద్రయ్యకు తప్ప అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. జేబులో పెన్ లాంటి డిటెక్టర్ ఉంది. నీళ్లలో ముంచితే, అందులో ఆ మందు ఉంటే పది నిమిషాలకు రంగు మారుతుంది.

పదమూడో ట్యాంకర్ వచ్చింది.

"ఇది కాదండీ. మనది నీలం బండి, వెనకాల వస్తాది," అంది భానుప్రియ, నల్ల కళ్లద్దాలు సర్దుకుంటూ.

డ్రైవర్ పైపు తొట్టిలోకి దించాడు. భద్రయ్య ఉరికొచ్చాడు.

"ఆగుండ్రి సార్! గిదేం బండి? కంపే కొడ్తలేదు! ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, సెప్టిక్ బండొస్తే గేటు కాడ్నే ఈగలు షురూ అయితయి. దీన్ని ఎవరో సబ్బువెట్టి కడిగిండ్రు!"

సికింద్రాబాద్‌లో సెప్టిక్ బండిని కడిగే నాథుడు లేడు. శుభ్రతే ముఠా కొంప ముంచింది.

డిటెక్టర్ రంగు మారేదాకా ఆగే టైం లేదు, వేణుమాధవ్ వాల్వు మీదికి దూకాడు. వీపుకు తుపాకీ తగిలింది.

"చెయ్యి తియ్యండి," అంది భానుప్రియ. "మీ ఆవిడకి కొత్త మందు మేమే ఇప్పిస్తాం."

వేణుమాధవ్‌కు భయమేసింది. సృజన ముఖం గుర్తొచ్చింది. అయినా చెయ్యి తీయలేదు.

భద్రయ్య బకెట్టెడు బురద ఆమె ముఖాన కొట్టాడు. తుపాకీ గాల్లో పేలింది. పైపు చివర తొలి చుక్క వేలాడుతుండగా వాల్వు బిగిసింది. పారిపోబోయిన డ్రైవర్‌ను, కళ్లు తుడుచుకుంటున్న భానుప్రియను గేటువాళ్లు పట్టుకున్నారు.

"పన్నెండు వేల లీటర్లు దొరికాయి సార్. చుక్క కూడా పడలేదు," ఫోన్‌లో చెప్పాడు వేణుమాధవ్.

"శభాష్!"

"మురుగులో కలపకూడదు కదా సార్, ఇప్పుడు దీన్ని ఎక్కడ పారబోయమంటారు?"