పాతిపెట్టిన కోటు

ఆ సోమవారం పొద్దున పుల్లారావు ఒంటి మీద ఒక నల్ల కోటు ఉంది, మనసులో మంచి బేరం చేశానన్న సంతోషం ఉంది. సాయంత్రానికి ఆ రెండూ పోయాయి.

నరసరావుపేటలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టకముందు పుల్లారావు బట్టల వ్యాపారి. కొట్టు మూసేసినా చెయ్యి ఊరుకోలేదు. ఆదివారం వస్తే స్టేషన్ రోడ్డులో పాత బట్టల కుప్పల ముందు గొంతుక్కూర్చునేవాడు. పైన చూసి కొనడు. లోపలికి తిప్పి చూస్తాడు. కాజాలు చేత్తో కుట్టారా మిషను మీద లాగారా, కాలరు లోపల కాన్వాసు ఉందా అట్టముక్క ఉందా, వేళ్ళతోనే తేల్చేస్తాడు. నాసిరకం గుడ్డల మధ్య చెయ్యి పెట్టి తడుముతుంటే ఒక్కసారిగా మంచి గుడ్డ తగిలినప్పుడు కలిగే సుఖం, కొత్త గుడ్డల బేలు విప్పినప్పుడు కూడా అతనికి ఎన్నడూ కలగలేదు. అతని అసిస్టెంటు సుభానీకి ఆ కుప్పల్లో చింకిపాతలే కనిపించేవి. అవే సార్ చేతికి రాగానే దొరల దుస్తులైపోవడం చూసి నోరు వెళ్ళబెట్టేవాడు.

ముందురోజు దొరికిన కోటు యుద్ధకాలం నాటిది. మెత్తని ఉన్ని, సిల్కు లైనింగు, కొమ్ము బొత్తాలు. ఇలాంటిది కుప్పలోకి ఎలా వచ్చిందని అమ్మేవాణ్ణి అడగాలనిపించింది. అడిగితే సరుకు విలువ వాడికి తెలిసిపోతుంది. అందుకని అడగలేదు.

డిసెంబరు చలిలో ఆ కోటు తొడుక్కుని, సుభానీతో టీకి బయల్దేరితే, బజారులో ఒక పెద్దావిడ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె గ్రేసమ్మ. వానాకాలంలో చనిపోయిన దైవసహాయం మాస్టారి భార్య.

"ఈ కోటు మీకెక్కడిది బాబూ? మా పెళ్ళికోటు ఇది. దీంతోనే ఆయన్ను పాతిపెట్టాం."

"పొరపాటు పడ్డారేమో అమ్మా."

"లోపలి జేబు చూడండి. పెళ్ళినాడు నల్లదారం లేక నీలందారంతో నేనే కుట్టా."

పుల్లారావు జేబు తిప్పాడు. నీలందారమే. కోటు విప్పి చేతికి తీసుకున్నాడు. చుట్టూ జనం మూగారు.

మధ్యాహ్నానికి జరగవలసిన అన్యాయం జరిగిపోయింది. కోటు సమాధిలో నుంచి వచ్చిందంటే తవ్వినవాడు సమాధుల తోట కాపలాదారు దానయ్యే అని ఊరు తీర్మానించింది. మాస్టారి కొడుకు సుందరరావు దానయ్యను బజారు నడిమధ్య నిలబెట్టి చెంప పగలగొట్టాడు.

గ్రేసమ్మ కొడుకును వెంటబెట్టుకుని పుల్లారావు ఆఫీసుకు వచ్చింది.

"రేపు పొద్దున సమాధి తవ్వి చూస్తామంటున్నారు పెద్దలు. దానయ్యను సమాధుల తోటలో గుడిసె ఖాళీ చెయ్యమన్నారు. నేను నోరు జారాను బాబూ. ఆయన్ను మళ్ళీ బయటికి తీస్తే చూడలేను. తవ్వకుండా తేల్చండి."

పుల్లారావు కోటును బల్ల మీద బోర్లా పరిచాడు. వీపు కుట్టు మొదట కుట్టినట్టే ఉంది. లైనింగు మీద చిన్న గాటు కూడా లేదు.

"మాస్టారు ఈ కోటు ఎప్పుడైనా తొడుక్కునేవారా?"

"ఏడ పడుతుంది బాబూ! చివరి రోజుల్లో ముందు పొట్ట వచ్చేది, వెనక ఆయన వచ్చేవారు," అంది గ్రేసమ్మ. అంత భయంలోనూ ఆమె ముఖం మీద చిన్న నవ్వు మెరిసింది. "ప్రతి క్రిస్మస్‌కూ మడత విప్పి చూసుకుని మళ్ళీ పెట్లో పెట్టేవారు. చొక్కాలన్నీ మన టైలరు యాకూబ్ వదులు చేసి ఇచ్చేవాడు. శవానికి బట్టలు తొడిగింది కూడా ఆ తమ్ముడే. ఆడవాళ్ళను బయట ఉంచారు. శవపెట్టెలో పూల మధ్య నల్లకోటు చూశానంతే."

సుందరరావు గుమ్మం దగ్గరే ఉన్నాడు. పుల్లారావు అతని వైపు తిరిగాడు. "నువ్వు లోపల లేవా?"

"చూడలేక వరండాలో కూర్చున్నా. యాకూబ్ మామ కత్తెరకని ఒకసారి, పిన్నీసులకని ఒకసారి ఇంటికెళ్ళొచ్చాడు. తర్వాత కత్తెర చప్పుడు ఇనపడింది."

స్టేషన్ రోడ్డుకు వెళ్ళి అడిగితే, పాత బట్టల కుప్పవాడు ఆ కోటు తనకు వరలక్ష్మి తెచ్చి ఇచ్చిందని చెప్పాడు. వరలక్ష్మి వీధివీధీ తిరిగి పాత బట్టలకు స్టీలు సామాన్లు మార్చే మనిషి.

"ఆ కోటా? బిందె ఇచ్చి తీసుకున్నా," అంది గంప దించకుండానే.

"ఏ ఇంట్లో?"

"అది మాత్రం అడగమాక అన్నా. ఎవురు ఏ గుడ్డ ఇచ్చారో చెప్పానంటే రేపు నన్ను ఏ గడపా ఎక్కనియ్యరు. సచ్చినోళ్ళ బట్టలిస్తారు, మొగుడికి తెలవకుండా ఇస్తారు. నేనడగను, చెప్పను."

సుభానీ గదమాయించబోతే పుల్లారావు ఆపాడు. ఆమె వ్యాపారం నిలబడేది ఆ మౌనం మీదే అని అతనికి తెలుసు.

ఇద్దరూ యాకూబ్ కొట్టుకు వెళ్ళారు. రద్దీ వేళలో కూడా కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి.

"మాస్టారి కోటు ఎలా తొడిగావు యాకూబ్?"

"ఎట్టా ఏముంది, చేతులు దూర్చాం, తొడిగాం."

"కత్తెర వాడలేదా?"

"కోటుకు కత్తెరెందుకు సార్!"

అతని భార్య జాన్‌బీ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చింది. నీళ్ళు ముంచిన బిందె తళతళలాడుతోంది.

"బిందె బాగుందమ్మా," అన్నాడు పుల్లారావు.

"పాతగుడ్డ ఇస్తే వచ్చిందన్నా. దానికి ఈయన రెండ్రోజులు అన్నం మానేశాడు. గుడ్డ కోసం ఎవురైనా పస్తుంటారా, చెప్పు?"

యాకూబ్ మిషను చక్రం తిప్పడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలకముందే అందరినీ గ్రేసమ్మ వరండాలోకి పిలిపించాడు పుల్లారావు. దానయ్య మెట్టు మీద కూర్చున్నాడు. చెంప వాచి ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది.

"పొట్ట ఉన్న మనిషి, పైగా బిగుసుకుపోయిన ఒళ్ళు. వీపు చీల్చకుండా కోటు తొడగడం కుదరదు," అన్నాడు పుల్లారావు. "సుందరరావు కత్తెర చప్పుడు విన్నాడు. ఈ కోటు మీద కత్తెర గాటే లేదు. అంటే ఆ రోజు తెగింది వేరే కోటు. సమాధిలో ఉన్నది అదే. దానయ్య ఏ సమాధీ తవ్వలేదు."

పుల్లారావు కోటును అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు.

"రెండో కోటు ఎవరు తెచ్చారు? పిన్నీసులకని రెండోసారి ఇంటికెళ్ళినవాడు. తన పండగ కోటు తెచ్చి, దాన్ని చీల్చి మాస్టారికి తొడిగి, దీన్ని ఇంట్లో దాచాడు. భార్యకు తెలియదు. నల్లకోటు చూసి అది భర్త పాతదే అనుకుని బిందెకు ఇచ్చేసింది. యాకూబ్, కత్తెర వాడలేదని నువ్వెందుకు అబద్ధమాడావు?"

జాన్‌బీ భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా? అది నీ కోటు కాదా?"

యాకూబ్ గ్రేసమ్మ వైపు తిరిగాడు.

"దీనికే కత్తెర పెట్టబోయా అక్కా. లైనింగు ఎత్తి చూస్తే లోపలి కుట్టు కనిపించింది. ఎవరో మహానుభావుడు, ఎవురూ చూడని చోట కూడా అంత సన్నంగా కుట్టాడు. చెయ్యి ఆడలా. నాదిచ్చా, ఇది తీసుకున్నా. తొడుక్కోలా, అమ్ముకోలా. అప్పుడప్పుడు తిప్పి చూసుకునేవాణ్ణి."

"అడిగితే ఇచ్చేదాన్ని కదా తమ్ముడూ," అంది గ్రేసమ్మ.

ఆ మాటకు యాకూబ్ కుంగిపోయాడు. పుల్లారావుకు కూడా దిగులేసింది. తిప్పి చూసుకోవడమంటే ఏమిటో అక్కడ అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. అమ్మేవాణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే ఆ కోటుతో బజారుకు వెళ్ళేవాడు కాదు.

"అదంతా సరే," అన్నాడు సుందరరావు, తన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియక. "పొద్దున నేను దానయ్యను కొడుతుంటే నువ్వెక్కడున్నావు మామా?"

"కొట్లోనే. కిటికీ మూసుకున్నా."

గ్రేసమ్మ కోటు తీసుకెళ్ళి దానయ్య ముందు పెట్టింది. "నావల్ల దెబ్బలు తిన్నావు. ఇది నువ్వు తీసుకో అయ్యా."

"నాకెందుకమ్మగారూ! అదేసుకుని బయటికొస్తే మళ్ళా తవ్వాడంటారు," అన్నాడు దానయ్య. "నన్ను కొట్టింది ఈ వరండాలో కాదు, బజార్లో. ఈ మాటలన్నీ రేపు యాకూబ్‌ను ఆడ చెప్పమనండి. మీ అబ్బాయినీ రమ్మనండి."

మర్నాడు కూరగాయల బజారు నిండా జనం ఉన్నప్పుడు యాకూబ్ చెప్పాడు. మొదటిసారి మాట గొంతులోనే ఉండిపోయింది. "ఇనపళ్ళా," అన్నాడు దానయ్య. మళ్ళీ చెప్పాడు. ఆ వెనక సుందరరావు చేతులు జోడించాడు. పెద్దలు గుడిసె మాట ఎత్తలేదు, సమాధి జోలికి పోలేదు. జాన్‌బీ ముసుగు కిందికి లాక్కుని ముందే ఇంటికి వెళ్ళిపోయింది.

దానయ్య సమాధుల తోట వైపు నడిచాడు. దారిలో కొందరు పలకరించారు, కొందరు పక్కకు తప్పుకున్నారు.

"గెలిచాం సార్," అన్నాడు సుభానీ.

"దానయ్య మంచిపేరు దానయ్యకు తిరిగి చేరింది, అది కూడా సొట్టపడి," అన్నాడు పుల్లారావు. "అదీ నిన్నటిదాకా అతని దగ్గర ఉన్నదే. మనం కొత్తగా సంపాదించి పెట్టిందేమీ లేదు."