మొదటి రింగుకే జవాబు

మాది నీళ్ళ ప్లాంటు. పలాస నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో, జీడితోటల మధ్య రేకుల షెడ్డు, దాన్ని ఆనుకునే మా ఇల్లు. మా ఉద్దానం వైపు బోరు నీళ్ళంటే జనానికి భయం. ఎవరింట్లో చూసినా కిడ్నీ జబ్బు మనిషి ఒకరుంటారు. అందుకని మా క్యాన్లు బాగానే పోతాయి. మా ఆయన పోయాక అంతా నేనే చూసుకుంటున్నాను. ఆటోలో క్యాన్లు వేసేది సోములు. నాకున్నది కూతురు నిస్సీ ఒక్కతే.

నాకో అలవాటుంది. ఫోన్ మొదటిసారి మోగితే ఎత్తను.

మా అమ్మ నేర్పింది. చీకటి పడ్డాక తోటలోంచి ఎవరైనా పిలిస్తే వెంటనే పలకకూడదు. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు. మూడో పిలుపుకి పలకాలి. మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుంది. మేము చర్చికి వెళ్ళే వాళ్ళం. ఈ మాట చెబితే పాస్టరు గారు నవ్వుతారు. అయినా ఆ అలవాటు ఫోనుక్కూడా అంటుకుంది.

"నయోమక్క ఫోన్ ఎత్తిందంటే ఆ రోజు వానే" అని ఊళ్ళో ఎగతాళి. విసుగెత్తి కొందరు వేరే ప్లాంటుకి మారిపోయారు.

విశాఖలో పని చేసే నిస్సీ, ఇంటి దగ్గర నుంచే చేసుకోవచ్చన్నారని వానాకాలంలో వచ్చేసింది. నా వ్యవహారం చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏటమ్మా ఇది? యాపారం సేత్తన్నావా, దాగుడుమూతలాడతన్నావా?"

షాపుకని కొత్త నంబరు తీసుకుంది. లాప్‌టాప్ నా ముందు పెట్టింది. "కోడు గీడు రాయక్కర్లేదు. సూడు, ఈ డబ్బా షాపు నంబరు. ఆ డబ్బా మన ఫోన్లు. మధ్యన గీత గీసేత్తే సాలు. నువ్వు ఎత్తకపోయినా నోటిఫికేషన్ వచ్చేత్తాది. పేరు, ఊరు, ఆళ్ళు సెప్పిన మాట, అన్నీ."

"మరి అవతలోళ్ళకి?"

"వస్తున్నాం అని మెసేజి ఎలిపోద్ది. మొదటి రింగుకే."

నా మనసొప్పలేదు. "మూడోసారికి పెట్టలేవేటి?"

క్యాన్లు ఎక్కిస్తున్న సోములు పకపకా నవ్వాడు. "దెయ్యాలకి షాపు నంబరు ఎవులిచ్చినారు పిన్నీ?"

నేనూ నవ్వాను.

పాత ఫోనులో ఉన్న పేర్లన్నీ నిస్సీ అందులోకి ఎక్కించింది. కొత్త నంబరు అందరికీ పంపింది. పోయిన ఖాతాలు తిరిగొచ్చాయి. ఫోన్ టింగుమంటే చాలు, సోములు ఆటో తీసేవాడు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. సోములు పెందలాడే వెళ్ళిపోయాడు. కరెంటు పోయింది. నేను షెడ్డు వెనక క్యాన్లు కడుగుతున్నాను. తడిసిన జీడాకుల వాసన. ఎక్కడో జీడిపిక్కలు కాల్చిన ఘాటు. తోటల అవతల సముద్రం హోరు... ఆ వేళ దగ్గరగా వినిపించింది.

ముందు గదిలో నిస్సీ ఫోన్ టింగుమంది.

"అమ్మా, ఒక్క క్యానే. దగ్గరే. నాను స్కూటీ మీద ఇచ్చేసి వచ్చేత్తాను."

"ఎవులికే?"

స్కూటీ చప్పుడులో నా మాట కలిసిపోయింది. చెట్ల మధ్య దాని ఎర్ర దీపం కాసేపు కనబడింది. తర్వాత లేదు.

చేతులు తుడుచుకుని నా ఫోన్ తీశాను.

తారకేశ్వరరావు మాస్టారు. తోట ఇల్లు.
సందేశం: నీళ్ళు.
జవాబు వెళ్ళింది: వస్తున్నాం.

ఆ పేరు మళ్ళీ చదివాను.

మాస్టారు వేసవిలోనే పోయారు. చాన్నాళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. ఆ జబ్బు మనుషులు నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఆయన స్టీలు గ్లాసు మీద మేకుతో గీత గీసి ఉండేది. దాన్ని దాటకూడదు. అయినా క్యాన్లు తెప్పించుకునేవారు. "తాగడానికి కాదమ్మా. చూసుకోవడానికి" అనేవారు. క్యాను దించి వచ్చేటప్పుడు తిరిగి చూస్తే, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేవారు.

వాళ్ళమ్మాయి సౌజన్య ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు విశాఖలో ఉన్న నిస్సీకి ఆయన పోయినట్టు తెలీదు. నాకే ఆ నంబరు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

నిస్సీకి ఫోన్ చేశాను. మోగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ.

టార్చి పట్టుకుని పరుగెత్తాను.

తోట దారి ఇసుక. కాళ్ళు దిగబడుతున్నాయి. కొబ్బరాకుల మీంచి నీళ్ళు జారి మెడ మీద పడుతున్నాయి. చేతిలో ఫోన్ టింగుమంది.

సందేశం: ఇంకా.
జవాబు వెళ్ళింది: వస్తున్నాం.

నేను ఆగలేదు. మళ్ళీ టింగుమంది.

సందేశం: తల్లిని కూడా.
జవాబు వెళ్ళింది: వస్తున్నాం.

నేను అనలేదు ఆ మాట... నా తరఫున ఫోన్ అంటోంది.

మాస్టారి గేటు ముందు స్కూటీ నిలబెట్టి ఉంది. దీపం ఇంటి వైపే వెలుగుతోంది. గేటుకి తాళం. తుప్పు పట్టిన తాళం. రెండు రెక్కలకీ మధ్య సాలెగూడు. వాన చుక్కలతో మెరుస్తోంది. ఎక్కడా తెగలేదు.

నిస్సీ లేదు. క్యాను లేదు.

ఇంట్లోంచి చప్పుడు.

గుట... గుట... గుట...

ఎవరో తాగుతున్నారు. ఊపిరి తీసుకోకుండా. ఆ చప్పుడు ఆగదు.

అమ్మ చెప్పినవేవీ గుర్తు రాలేదు.

"నిస్సీ..."

చప్పుడు ఆగింది.

"ఆఁ... వత్తన్నానమ్మా."

లోపల్నుంచి. నా బిడ్డ గొంతే. నీళ్ళలోంచి మాట్లాడినట్టుంది.

గేటు పట్టుకుని ఊపాను. తాళం రాలేదు. గోడెక్కుదామని కొంగు బిగించాను. అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది.

వెనక నిస్సీ నిలబడి ఉంది. దారిలో. జుట్టంతా తడిసి ముఖానికి అంటుకుంది. చేతులు ఖాళీ.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా? పద, ఇంటికి వెళ్దాం."

"లోపల... లోపల నువ్వు..."

"లోపల ఎవరూ లేరు."

ఇంట్లోంచి మళ్ళీ. ఈసారి గుమ్మం దగ్గర్నుంచి.

"అమ్మా... ఉండు... వత్తన్నాను..."

ఎదురుగా ఉన్న పిల్ల రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. నేనేం చెయ్యను? చేతికి దొరికిన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. వానలో తడిసింది కదా అనుకున్నాను.

ఇంటికి వచ్చేశాం.

ఆ పిల్ల గ్లాసుతో నీళ్ళు తీసుకుంది. పుక్కిలించి ఉమ్మేసింది. మింగలేదు. అప్పటి నుంచీ అంతే. భయపడి పలాస తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయించాను. రోగమేమీ లేదన్నారు.

లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. "ఆ వస్తున్నాం అనే మెసేజి ఆపెయ్యే తల్లీ. ఆ గీత సెరిపెయ్యి" అన్నాను.

తెర వైపు చూసింది. తర్వాత నా వైపు.

"నాకిది తెలియదమ్మా" అంది.

సౌజన్యకి కబురు పెడితే వచ్చి ఇల్లు తెరిచింది. గదులన్నీ తిరిగాను. మంచం కింద, అటక మీద, వెనక దొడ్లో బావిలో. దుమ్ము తప్ప ఏమీ లేదు. దుమ్ములో అడుగులు కూడా లేవు. "మీ అమ్మాయి మీ ఇంట్లోనే ఉంది కదా ఆంటీ, ఎవరి కోసం చూస్తున్నారు?" అని అడిగింది.

సోములు పని మానేశాడు. వెళ్ళేముందు గుమ్మం దాకా వచ్చి గుసగుసగా అడిగాడు. "పిన్నీ... నిస్సమ్మ నన్ను సోములన్నా అని కదా పిలిచీది. ఇప్పుడు ఏరా అంటన్నాదేటి?"

ఇంట్లో ఉన్నది నిస్సీయే. అందరూ అదే అంటారు.

రోజూ సందెవేళ ఫోన్ టింగుమంటుంది. పేరుండదు. నీళ్ళు అని మాత్రం ఉంటుంది. నేను చదివేలోపే జవాబు వెళ్ళిపోతుంది. ఆపడం నాకు చేతకాదు. చేతనైనా ఆపుతానని చెప్పలేను. దాహమని అడిగే గొంతు ఎవరిదో తేలేదాకా ఎలా ఆపను?

అందుకని ఒక క్యాను నేనే తీసుకెళ్ళి ఆ గేటు ముందు పెట్టి వస్తున్నాను. తెల్లారి వెళ్తే అక్కడే ఉంటుంది. ఖాళీగా. మూత మీద సీలు వేసింది వేసినట్టే ఉంటుంది.

నిన్న ఆ ఖాళీ క్యానుని ఎండకి ఎత్తి చూశాను. గోడకి లోపలి వైపు తడిగా అరచెయ్యి అచ్చు ఉంది. ఆడపిల్లది.

బయట్నుంచి దాని మీద నా చెయ్యి ఆనించాను.

వెచ్చగా ఉంది.