వెలగని పసుపు

“ఏందిరా పైడీ, వచ్చిన కాడి సంది గా పసుపు పూసిన పుస్తకం ఇడుస్తలేవ్? ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా?”

రాఘవేందర్ మాటకి పైడిబాబు తలెత్తలేదు. బేగంపేటలో ట్రావెల్ ఏజెన్సీ బోర్డు తగిలించుకున్న ఆ ఆఫీసు, నిజానికి గూఢచారి విభాగానికి చెందిన ఒక చిన్న యూనిట్. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునే వాళ్ళిద్దరూ అక్కడ జంట ఏజెంట్లు. రాఘవేందర్‌ది బన్సీలాల్‌పేట్, పైడిబాబుది విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఒకరి యాసని ఒకరు వెక్కిరించుకోకుండా వాళ్ళకి పూట గడిచేది కాదు.

“ఇటు రా గురూ, ఇది సూడు” అన్నాడు పైడిబాబు. “నిన్న సికింద్రాబాద్ స్టేషన్లో పట్టుకున్న కొరియర్ సంచిలో ఈ టూరిస్ట్ గైడ్ దొరికింది కదా. నిండా హైలైటర్ గీతలే. అన్నీ ఒకేలాగున్నాయా లేదా?”

“ఉన్నయ్.”

“ఆ కర్టెన్ లాగు.”

గది చీకటైంది. పైడిబాబు యూవీ టార్చి నొక్కాడు. పేజీ మీద పసుపు గీతలన్నీ ఒక్కసారి భగ్గుమని ఆకుపచ్చగా వెలిగాయి. నాలుగైదు మాటల మీద మాత్రం పసుపు చచ్చినట్టు పడి ఉంది.

“హైలైటర్ ఇంకు ఈ లైటుకి ఎలగాలి. ఇవి ఎలగట్లేదు. రెండు ఇంకులు గురూ! పగలు సూస్తే కవలపిల్లలు. ఒకటి దొంగది. ఆ దొంగ ఇంకు పడిన మాటలే అసలు సందేశం.”

ఇలాంటిది పట్టుకోవాలంటే పైడిబాబే పట్టుకోవాలి. వాడి పారేసే ప్లాస్టిక్ హైలైటర్లంటే అతనికి ఒళ్ళుమంట. అతని జేబులో ఎప్పుడూ ఇంకు నింపుకునే హైలైటర్ ఒకటి, వెడల్పు పాళీ ఉన్న ఫౌంటెన్ పెన్ ఒకటి ఉండేవి. వాటిలోకి పసుపు ఇంకు అతని భార్య లోవలక్ష్మి స్వయంగా కలిపి ఇచ్చేది. ఆమె అదే విభాగం ల్యాబ్‌లో కెమిస్టు.

తన ఇంకుతో పక్కనే ఒక గీత గీసి పోల్చి చూద్దామని పైడిబాబు హైలైటర్ తీశాడు. అలవాటు ప్రకారం మూత పళ్ళ మధ్య బిగించాడు. చచ్చిన మాటల్ని ఒక్కొక్కటే చదివాడు.

“బేగంపేట... ఆదివారం... కలాలు... మౌలా...”

తరువాతి అక్షరం రాలేదు. హైలైటర్ పేజీ మీద ఒక పొడవాటి గీత గీసుకుంటూ జారిపోయింది. రాఘవేందర్ కర్టెన్ లాగి, కుర్చీ తన్నేసి పరుగెత్తుకొచ్చే సరికి పైడిబాబు కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చూపు మాత్రం లేదు.

దహనం అయిన మర్నాడే లోవలక్ష్మి ల్యాబ్ కోటు వేసుకుని ఆఫీసుకొచ్చింది. యూనిట్ చీఫ్ సీతారత్నం గదిలో రాఘవేందర్ పక్కన నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మూత కొసకి విషం పూశారు మేడమ్. నేనే టెస్ట్ చేశాను. వేలికి తగిలితే ఏమీ కాదు, నాలిక్కి తగిలితే చాలు. ఇంకు గుట్టు ఆయన పట్టేస్తారని, మూత కొరుకుతారని తెలిసినవాళ్ళే చేశారు.”

“ఆ పొద్దున పెన్ను ఎవరి చేతికి వెళ్ళింది?” అంది సీతారత్నం.

రాఘవేందర్ ముందుకొచ్చాడు. “కల్పలత. కాఫీ హోటల్ల మా ఇద్దర్ని కలిసింది. మ్యాపు మీద గుర్తు పెడ్తా అని వాని హైలైటర్ అడిగి తీసుకున్నది. టిష్యూ పేపర్ల చుట్టి మల్ల ఇచ్చింది. గా టిష్యూ ఎందుకో అప్పుడు సమఝ్ కాలే.”

కల్పలత పేరు వినగానే సీతారత్నం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నగరంలోని పెద్ద పార్టీలన్నిటికీ పిలుపు వచ్చే అందగత్తె. విదేశీ ముఠాలో చేరి, అక్కడి రహస్యాలు తమకి చేరవేస్తోందని యూనిట్ రెండేళ్ళుగా నమ్ముతున్న మనిషి.

“అంటే మనకింతకాలం...”

“మనకిచ్చింది నూకలు మేడమ్. బియ్యం వాళ్ళకే ఇచ్చింది” అంది లోవలక్ష్మి.

సీతారత్నం లేచి గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళింది. ఆదివారం బేగంపేట హోటల్లో ఫౌంటెన్ పెన్నుల ప్రదర్శన ఉంది. అదే రోజు మౌలాలి యార్డులో రెండు గూడ్సు రైళ్ళు ఆగుతాయి. పైకి రెండూ ఒకటే. ఒకదానిలో క్షిపణుల ఇంధనం. రెండోది ఇసుక నింపిన నకిలీ. ఇంధనం రెండో లైను మీద, ఇసుక యార్డు ఆ చివర తొమ్మిదో లైను మీద.

“ఇంధనం రైలు ఏ లైనులో ఉందో కల్పలతకి రైల్వేలో ఎవరో చెప్పేసి ఉంటారు. ముఠా నాయకుడు రిచర్డ్ ప్రదర్శనలో స్టాల్ పెడుతున్నాడు. ఆమె అక్కడ అతనికి గుర్తు చూపిస్తుంది. అతను యార్డులో ఉన్న మనిషికి కబురు పంపిస్తాడు. బాంబు పేలితే మౌలాలి కాలనీ మిగలదు.”

“గట్లయితే రైలు ఆపుదాం.”

“ఆపితే పారిపోతారు. ఇంకో ఊళ్ళో, ఇంకో రైలుకి పెడతారు. ఆమెకి అబద్ధం చెబితే మనకి తెలిసిపోయిందని పసిగడుతుంది. తప్పు లైను ఆమె చేత్తోనే అతనికి చేరాలి.”

“చేరుస్తాను” అంది లోవలక్ష్మి. “స్టాల్లో పెన్నులు రాసి చూడ్డానికి అచ్చు కాగితాలు పెడతారు. ఆమె రెండు మాటల మీదా పసుపు గీస్తుంది. అబద్ధం మీద వెలిగే ఇంకు, నిజం మీద వెలగని ఇంకు. రెండు పెన్నుల్లో ఇంకులు తారుమారైతే నిజం అబద్ధమైపోతుంది.”

“గామె పెన్నులు నీ చేతికి ఎట్లొస్తయి చెల్లీ?”

“అదే తెచ్చిస్తుంది అన్నయ్యా. ఈ పసుపు ఇంకు ఫౌంటెన్ పెన్ను పాళీలో ఊరికే ఎండి గడ్డకడుతుంది. మా ఇంట్లో సింకు నిండా ఎప్పుడూ పసుపు నీళ్ళే. అంత ముఖ్యమైన గీత గీసే ముందు ఎవరైనా కడిగించుకుంటారు. ప్రదర్శనలో ఉచితంగా పెన్నులు కడిగే బల్ల ఒకటి పెట్టి, దాని దగ్గర నేనుంటాను. నన్ను ఆమె ఎప్పుడూ చూళ్ళేదు.”

సీతారత్నం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నాకు ఇద్దరూ ప్రాణాలతో కావాలి. పగ మన పని కాదు.”

రాఘవేందర్ కిటికీలోంచి బయటికి చూశాడు. లోవలక్ష్మి మాత్రం, “ముందు పని కానివ్వండి మేడమ్” అంది.

ఆదివారం హోటల్ హాలు కిటకిటలాడుతోంది. ఇత్తడి పెన్నులు, ఎబొనైట్ పెన్నులు, రంగురంగుల ఇంకు బుడ్లు. తెల్ల విగ్గు, వంగిన నడుము, చెవిలో వినికిడి మిషన్‌తో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ ప్రతి స్టాల్ దగ్గరా ఆగి బేరాలాడుతున్నాడు. ఆ మిషన్‌లో రాఘవేందర్‌కి మౌలాలిలో ఉన్న కమాండోల మాటలు వినిపిస్తున్నాయి.

ముదురు ఎరుపు చీరలో కల్పలత వచ్చింది. తలలు తిరిగాయి. ఆమె సరాసరి ‘ఉచితంగా పెన్నులు కడగబడును’ అన్న బల్ల దగ్గరికి నడిచి, రెండు పెన్నులు పెట్టింది. ఒకదానికి వెండి రింగు, ఒకదానికి బంగారు రింగు.

“ఇంకు పారబోయకండి. పాళీలు మాత్రం కడగండి, జెర జల్దీ.”

“అలాగేనండీ.” లోవలక్ష్మి పాళీలు విప్పి నీళ్ళ గిన్నెలో వేసింది. “హైలైట్ చేయడానికి ఫౌంటెన్ పెన్ను వాడతారా! మా ఆయనకీ ఇదే పిచ్చి.”

“ఆయన కూడా వచ్చారా?”

“లేదండీ. పోయారు.”

“అయ్యో. ఎట్లా?”

“నోటి దురలవాటండీ.”

సిగరెట్లు కాబోలు అనుకుంది కల్పలత. నాలుక చప్పరించి, సెల్‌ఫోన్లో పెదవుల రంగు చూసుకుంది. ఆ కొద్ది సేపట్లో వెండి రింగు పెన్ను ఇంకు ట్యాంకు బంగారు రింగు పెన్నులోకి, బంగారుది వెండిలోకి మారిపోయాయి. లోవలక్ష్మి పాళీలు తుడిచి, బిగించి, రెండు చేతులతో అందించింది.

“ఇప్పుడు బాగా పారుతుందండీ.”

రిచర్డ్ స్టాల్ మీద ఒక పెద్ద బోర్డు ఉంది: జీవితాంతం నింపుకుని వాడుకునే హైలైటర్లు. లేత గడ్డం, నవ్వు ముఖం. ఒక ట్రేలో ఒకే రకం పెన్నులు వరసగా పేర్చి ఉన్నాయి. కల్పలత అచ్చు కాగితం మీద ఏదో యాత్ర కథలోని రెండు మాటల మీద పసుపు గీసింది. ‘రెండో మలుపు’ మీద వెండి రింగు, ‘తొమ్మిదో మెట్టు’ మీద బంగారు రింగు.

“మా ఇంకు ఎలా మెరుస్తుందో చూడండి!” అని ఇంగ్లీషులో అంటూ రిచర్డ్ అందరి ముందే యూవీ లైటు వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అతను వెలగని ‘తొమ్మిదో’ మాట చూసుకుని, నవ్వు చెదరకుండానే ఫోన్‌లో ఒక్క అంకె నొక్కాడు.

ప్రొఫెసర్ చెవిలో కొద్దిసేపు గరగర. తరువాత గొంతు వినిపించింది. “మనిషి ఇసుక రైలు దగ్గరికే వచ్చాడు. పట్టుకున్నాం. కానీ బాంబు అప్పటికే వ్యాగన్‌కి అంటించేశాడు. రిమోట్ అతని దగ్గర లేదు. చుట్టూ గ్యాంగ్‌మన్లున్నారు సార్!”

రాఘవేందర్ నడుము నిటారైంది.

ఫోన్‌కి జవాబు రాకపోయేసరికి రిచర్డ్‌కి అర్థమైంది. ట్రేలోంచి ఒక పెన్ను తీసి, దాని చివర మెలితిప్పి, మళ్ళీ ట్రేలో పడేసి చేత్తో అన్నిటినీ కలిపేశాడు. తరువాత కల్పలత మీదికి వంగాడు.

“నన్ను అమ్మేశావు” అన్నాడు మెల్లగా.

“లేదు! నేను సరిగ్గానే గీశాను!”

అతని జేబులోంచి ఇంకో పెన్ను వచ్చింది. పాళీ ఉండాల్సిన చోట సూది. అది ఆమె మెడ మీదికి దిగబోతుండగా ముసలి ప్రొఫెసర్ చెయ్యి అతని మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమంది. సూది పెన్ను నేల మీద దొర్లింది. సీతారత్నం మనుషులు గుడ్డ తెరలు లాగి స్టాల్ చుట్టూ నిలబడ్డారు. “షుగర్ డౌనైంది, గాలి రానియ్యండి” అని జనాన్ని దూరంగా నెట్టారు.

రిచర్డ్ నొప్పిలోనూ నవ్వాడు. “టైమర్ నడుస్తోంది. ఏ పెన్ను రిమోటో వెతుక్కో.”

ట్రేలో పెన్నులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తప్పు పెన్ను తిప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

“హోటల్ల సెక్యూరిటీ దాటించి తెచ్చింది నువ్వే కదా” అన్నాడు రాఘవేందర్ విగ్గు పీకేసి, కల్పలత వైపు తిరిగి. “ఏ పెన్నో చెప్పు.”

అతని ముఖం చూసి కల్పలత తెల్లబోయింది. అంతలోనే తేరుకుంది. “నన్ను వదిలేస్తా అని మాటియ్యి రాఘవ్. చెప్తా. ఎయిర్‌పోర్ట్ దాకా కారు కావాలె.”

“సార్, బాంబు మీద లైటు ఎర్రగా కొట్టుకుంటోంది!” చెవిలో కేక.

కల్పలత మెడకి చల్లగా ఏదో ఆనింది. ఆమె కదలకుండా కళ్ళు మాత్రం తిప్పింది. పెన్నులు కడిగిన ఆడమనిషి. చేతిలో రిచర్డ్ పడేసిన సూది.

“పైడిబాబు మా ఆయన” అంది లోవలక్ష్మి. “ఇందులో ఏటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఏ పెన్ను?”

“ఆగు... ప్లీజ్...”

సూది చర్మం మీద చిన్న గుంట చేసింది.

“క్లిప్పు మీద గీత! గీత పడ్డది! ఎడమకి తిప్పు, ఎడమకి!”

రాఘవేందర్ వేళ్ళు ట్రే మీద పరుగెత్తాయి. గీత. దొరికింది. ఎడమకి తిప్పాడు. చెవిలో ఏమీ వినిపించలేదు.

“ఆరిపోయింది సార్. లైటు ఆరిపోయింది.”

అతను వెనక్కి తిరిగాడు. సూది ఇంకా కల్పలత మెడ మీదే ఉంది. ఆమె కాటుక చెంపల మీదికి కారుతోంది. లోవలక్ష్మి మణికట్టు గట్టిగా బిగిసి ఉంది. దహనం రోజున ఆమె ఒక్క కన్నీటి చుక్కైనా రాల్చలేదని రాఘవేందర్‌కి గుర్తొచ్చింది. ఎదురుబల్ల ఖాళీగా ఉండడం అతనికి గుర్తు చేసుకోనక్కర్లేదు.

“చెల్లీ” అన్నాడు మెల్లగా. “నేను అటు తిరిగి నిలబడాల్నంటే చెప్పు. నిలబడ్త.”

కల్పలత నోట్లోంచి సన్నటి మూలుగు వచ్చింది. లోవలక్ష్మి ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. అచ్చు కాగితం చదువుతున్నట్టు, ఒక్క మాటా వదలకుండా చూసింది.

“వద్దన్నయ్యా” అంది చివరికి. “ఆయనకి ఒక్క క్షణంలో అయిపోయింది. దీనికి అంత సుఖం ఎందుకు? బతకనీ. రోజూ నిద్ర లేవనీ. రోజూ భయపడనీ.”

సూదిని గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టింది. అప్పుడు కూర్చుంది, నేల మీదే, గోడకి ఆనుకుని. ఇన్నాళ్ళుగా నిలబడే ఉన్న మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. ఏడుపు మొదలైంది. రాఘవేందర్ ఆమె పక్కనే చతికిలబడ్డాడు. సర్వీసు లిఫ్టులో రిచర్డ్‌నీ కల్పలతనీ కిందికి దించారు.

తెర అవతల ఇవేవీ తెలియని నిర్వాహకుడి గొంతు మైకులో మోగింది. “ఈ సంవత్సరం ఉత్తమ స్టాల్ బహుమతి, జీవితాంతం వాడుకునే హైలైటర్లు తెచ్చిన రిచర్డ్ గారికి! దయచేసి వేదిక మీదికి రావాలి!”

రెండుసార్లు పిలిచారు. మూడోసారి రాఘవేందర్ లేచి, విగ్గు మళ్ళీ పెట్టుకుని వేదిక ఎక్కాడు.

“ఆయన అర్జంటు పని మీద పోయిండు సార్” అన్నాడు షీల్డు అందుకుంటూ. “నేనే పంపిస్త. జీవితాంతం ఒక్కటే అడ్రస్ల ఉంటడు.”