నిండు గీతలు

బూన్ లే అవతలి ఆ చేపల కోల్డ్ స్టోరేజ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా దీపం వెలుగే. ఆఖరి గది తలుపు బయట అట్టపెట్టె మీద లాప్‌టాప్, రిసీవర్ పెట్టుకుని కూర్చుంది నవత. మిగతా గదుల్లో తను పెట్టిన వైర్‌లెస్ లాగర్లు లోపలి చలిని కొలిచి రిసీవర్‌కి పంపుతున్నాయి. ఈ గది కూడా నెట్‌వర్క్‌లో కలవాలి. సిగ్నల్ గీతలన్నీ పచ్చగా నిండితేనే సాయంత్రం కస్టమర్ సంతకం. సంతకం రాకపోతే ఈ దేశంలో ఉండి పనిచేసేందుకు ఆమెకిచ్చిన పాస్ పొడిగించరు. మేనేజర్ ఆ మాట కాఫీ తాగుతూ, నవ్వుతూ చెప్పాడు.

లోపలికి వెళ్ళాల్సింది బాబ్జీ. శ్రీకాకుళం నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనిషి, ఆమెకు బాబాయి వయసు.

"ఇద్దరెల్లాలని రూలు కదా మేడమ్?"

"కోటు ఒక్కటే ఉంది. వేసుకో, పెళ్ళికొడుకులా ఉంటావు."

"ఇన్నేసి చేపలు అడ్డుంటే సిగ్నల్ ఎలాగొస్తాది?"

"గడ్డకట్టినవి అడ్డం కావు. మంచులోంచి సిగ్నల్ దూసుకొస్తుంది. దాన్ని మింగేవి నీళ్ళు. అంటే నీలాంటి బతికున్న ఒళ్ళు."

బాబ్జీ లాగర్లన్నీ గోడకు బిగించాడు. ఆఖరిదాని బిగింపు విరిగింది. పరీక్ష అయ్యేదాకా చేత్తో పట్టుకోమంది నవత. తలుపు మూసుకుంది. స్క్రీన్ మీద గీతలు నిండాయి, ఆ ఒక్కటి తప్ప.

"నీ ఒళ్ళే అడ్డం. పక్కకి జరుగు!"

"జాగా లేదు మేడమ్..." వాకీటాకీలో పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. కాసేపటికి గొంతు తగ్గింది. "ఇక్కడెవరో ఉన్నారు. పాదాలు ఈడుస్తన్నారు."

"మనిషుంటే గీత పడిపోయేది. నీది తప్ప అన్నీ నిండుగానే ఉన్నాయి. ఎవరూ లేరు."

"దగ్గరికొచ్చేస్తన్నారు... తలుపు తియ్యండి మేడమ్."

"తీస్తే పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది. చచ్చిన చేపల్ని చూసి జడుసుకుంటావా?"

"నా చెయ్యి పట్టుకు..."

గరగర. తర్వాత ఏమీ లేదు.

నవత లేచి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ఎందుకో స్క్రీన్ వైపు చూసింది.

ఆఖరి గీత పెరుగుతోంది. మెల్లగా... నిండుగా.

మంచులోంచి దూసుకొస్తుంది. తను చెప్పిన మాటే. పరీక్ష ఇంకొంచెమే మిగిలింది. పిడి మీది చెయ్యి తీసేసి, వెళ్ళి కూర్చుంది.

పూర్తయింది. అంతా పచ్చ.

లోపలి నుంచి తలుపు తెరుచుకుంది. చేపల నీచు వాసన గుప్పున కొట్టింది. బాబ్జీ వచ్చాడు. కోటు లేదు. వణుకు లేదు. ఆ చలిలోంచి వచ్చిన నోట్లోంచి ఆవిరి కూడా లేదు.

"గీతలు నిండాయా మేడమ్?"

వచ్చి, తలుపుకీ రిసీవర్‌కీ మధ్య నిలబడ్డాడు.

ఒక్క గీతా తగ్గలేదు.

రిసీవర్ చెడిపోయిందేమో... చెడిపోయే ఉంటుంది. నవత దాని యాంటెన్నాను అరచేత్తో మూసింది. గీతలన్నీ ఒక్కసారి కుప్పకూలాయి. ఆ కూలడం చూసి, తన ఒళ్ళు ఇంకా అడ్డమే, బతుకు జీవుడా అనుకుంది.

"అయ్యో, సంతకం పెట్టరు మేడమ్," అన్నాడు బాబ్జీ మెత్తగా. ఆమె చెయ్యి మీద తన చెయ్యి వేశాడు.

"ఉండండి. ఇంకొంచెమే."

నవత చెయ్యి లాక్కోబోయింది. వేళ్ళు కదల్లేదు.

స్క్రీన్ మీద మొదటి గీత లేచింది.

తర్వాత రెండోది.