పన్నీటి బట్టీ

"ఇది సారా బట్టీ. మా దుకాణంల గిట్లాంటివి చెయ్యం," అన్నాను, కాగితం మీది బొమ్మను వెనక్కి తోస్తూ.

ఆ అమ్మాయి కళ్లజోడు పైకి నెట్టి నన్ను చూసింది. మే నెలలో ఖమ్మం ఎండ కూడా అంత ఘాటుగా ఉండదు.

"ఇది పన్నీరు తీసే యంత్రం, భాయ్. ఎనిమిది వందల ఏండ్ల కిందటి అరబ్బీ పుస్తకంల ఉంది. కింద కాగుల గులాబీలు, నీళ్లు. పైన మూత. ఆవిరి గొట్టంల చల్లబడి చుక్కలైతది."

"సారా కూడ గట్లనే అయితది, మేడం."

"మీకెట్ల తెలుసు?"

దానికి ఏం చెప్పినా పోయేది నా పరువే. కొలతలు రాసుకున్నాను.

నా పేరు రజాక్. రాగి పాత్రలు చేసి, పాతవాటికి తగరం పూసి కలాయి వేసే కుటుంబం మాది. ఆమె మలికా, బట్టల దుకాణం అజారుద్దీన్ గారి కూతురు. ముస్లిం సమాజాల్లో ఏ పనిముట్టు ఎలా పుట్టింది, ఎవరి చేతుల్లో పెరిగింది అన్నది ఆమె చరిత్ర పరిశోధన. ఐదేళ్లు కష్టపడి పీహెచ్‌డీ థీసిస్ రాస్తే, హైదరాబాద్‌లో శారద మేడం అనే పరీక్షకురాలు ఒకే ఒక్క ముక్క రాసి పంపింది: "బొమ్మ బాగుంది. యంత్రం పనిచేస్తుందా? లేకపోతే ఈ అధ్యాయం తీసేయండి." ఆ అధ్యాయం పోతే థీసిస్‌లో మిగిలేవి అట్టలే. దాన్ని నమ్ముకున్న లెక్చరర్ ఉద్యోగమూ పోతుంది. మేడం నెల రోజుల్లో తనే వచ్చి చూస్తానంది.

బట్టీ పదిహేను రోజుల్లో తయారైంది. పొయ్యి వెలిగిస్తే ఆవిరి గొట్టంలోకి పోకుండా మూత చుట్టూ బుసబుసా బయటికి తన్నింది. రబ్బరు వాషర్ వేశాను. చుక్కలు పడ్డాయి. మలికా వాసన చూసి ముక్కు ముడిచింది.

"లారీ టైరు పిండినట్టుంది, భాయ్."

"మీరు ఆ భాయ్ తీసెయ్యండి, నేను టైరు తీసేస్త."

నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది. భుజాలు మాత్రం ఆగలేదు. నా పని అయిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

మూత అంచుకు గోధుమపిండి ముద్ద పూశాం, ఎండి పగిలింది. ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. బయట వాన దంచుతుంటే మలికా దుకాణం మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

"మూత సంగతి తెలిసిన మనిషి ఒకామె ఉంది," అన్నాను. "దమ్మపేట అవతల, అడవి పక్క పల్లెల. ముత్తక్క. ఏటా వాళ్ల గిన్నెలకు కలాయి వేసొస్త. వాళ్ల దేవతకు పెట్టనీకి ఇప్పపూల సారా కాస్తది."

"అబ్బాకు ఏమని చెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పండి."

చెప్పింది. దాంతో బస్సులో మా ఇద్దరి మధ్య అజారుద్దీన్ గారు కూర్చున్నారు.

"నా బిడ్డకు సారా బట్టీ చూపిస్త అని ధైర్యంగ చెప్పినోడివి నువ్వొక్కడివే," అన్నారు తల్లాడ దాటాక.

తిట్టో మెచ్చుకోలో తెలియక "షుక్రియా" అన్నాను.

ముత్తక్క మా బట్టీ ఫొటో చూసి పడీ పడీ నవ్వింది. "గింత మంచి రాగి పెట్టి మట్టి మరిచిన్రా?" అంటూ పుట్టమన్ను తడిపింది. గుప్పెడు మేక వెంట్రుకలు సన్నగా కత్తిరించి అందులో వేసి పిసికింది. "ఇవి లేకుంటే ఎండంగనె పగుల్తది, బిడ్డా."

మలికా గబగబా బ్యాగులోంచి కాగితాలు లాగింది. "పుస్తకంల ఇదే ఉంది, రజాక్. కత్తిరించిన వెంట్రుకలు కలిపిన మట్టి పూయమని. ఏదో పాత నమ్మకమనుకొని నేనే వదిలేసిన."

భాయ్ లేకుండా నా పేరు ఆమె నోట వచ్చింది. ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

శారద మేడం వచ్చిన రోజు మా దుకాణం ముందు సగం బజారు పోగైంది. మట్టి పూసిన మూత దగ్గర దారప్పోగంత ఆవిరి కూడా లేదు. గొట్టం చివర ఒక చుక్క వేలాడి పడింది. ఇంకొకటి. ఆ తర్వాత సన్నటి ధార. గులాబీ వాసన పక్క సైకిల్ షాపు దాకా పాకింది.

మేడం అరచేతిలో పట్టి చాలాసేపు వాసన చూసింది. "ఈ మట్టి సంగతి ఎవరు చెప్పారు?"

"దమ్మపేట దగ్గర ముత్తక్క నేర్పింది, మేడం. బట్టీ చేసింది రజాక్. ఇద్దరి పేర్లూ అధ్యాయంలో రాశాను. రాసినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి, చేసినవాళ్లవి ఎక్కడా ఉండవు."

"ఈ అధ్యాయంలో ఉంటాయి. కంగ్రాట్స్, డాక్టర్ మలికా."

బజారంతా చప్పట్లు కొట్టింది. నేను లోపలికి వెళ్లి కొలిమిలో బొగ్గులు కెలుకుతూ నిలబడ్డాను. ఆమె వెనకే వచ్చింది.

"ఏంది, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఇగ హైదరాబాద్ పోతవ్ కద."

"పోత. ఆ పుస్తకంల ఇంకా నలభై యంత్రాలున్నయ్. ఎవరు చేస్తరనుకున్నవ్?"

"యంత్రాల కోసమేనా?"

"ముందు నువ్వు చెప్పు."

"నువ్వంటే నాకిష్టం, మలికా. యంత్రం ఒక్కటి లేకున్నా ఇష్టమే."

"గీ మాటకు నెల పట్టిందా? బస్సుల నువ్వు అబ్బాకు షుక్రియా అన్నప్పుడే నాకు తెలిసింది," అంది, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "నాక్కూడ ఇష్టమే."

వెనక ఎవరో దగ్గారు. అజారుద్దీన్ గారు, చేతిలో పన్నీటి సీసా. ఎప్పటి నుంచి అక్కడున్నారో ఆ అల్లాకే తెలియాలి. నా చేతిలోని పట్కారు కింద పడింది.

ఆయన సీసాను వెలుగుకెత్తి చూశారు. "ఇది ఎన్నాళ్లు నిల్వ ఉంటది?"

"చల్లగ పెడితే ఆరు నెలలుంటది, చాచా."

"గంత ఓపిక నాకు లేదు," అని సీసా నా చేతిలో పెట్టారు. "శుక్రవారం వస్తున్నమని మీ ఇంట్ల చెప్పు. పెండ్లికొచ్చినోళ్ల మీద చల్లనీకి ఇసొంటివి ఇంకో ఇరవై సీసాలు తియ్యాలె."