విడాకులకు రెండు పెన్నులు

“నీకు ఏడేళ్ళ జైలు పడింది,” అన్నాడు చీఫ్ తన ఏజెంట్‌తో. “కంగ్రాట్స్.”

దొంగ పాస్‌పోర్టుల కేసు కట్టుకథ. కోర్టు, శిక్ష మాత్రం అసలువి.

“రాకెట్ డ్రాయింగుల మైక్రోఫిల్మ్ జైల్లో ఉన్న గూఢచారి ముఠా మనిషి దగ్గరుంది. అక్కడ ఎంత వెతికినా దొరకలేదు. ముఠా లాయర్ దాన్ని బయటికి తెస్తాడు. ఎలాగో కనిపెట్టు.”

“లాయర్ లోపలికెలా వస్తాడు?”

“మొగుడికి ఏడేళ్ళు పడితే పెళ్ళాం విడాకులు అడగొచ్చు. అతని ప్రాక్టీసే అది. ముఠావాడి భార్య అర్జీ పెట్టింది. మీ ఆవిడా పెడుతుంది.”

“మా ఆవిడా?”

“తనూ మన ఏజెంటేగా. లాయర్ మాత్రం ఆమె తమ ముఠా మనిషే అనుకుంటున్నాడు.”

“నేను సంతకం పెడితే?”

“విడాకులొస్తాయి. తర్వాత చూద్దాంలే.”

ములాఖత్ గదిలో ఒకటే బల్ల; ఒకవైపు ఖైదీలిద్దరూ, ఏజెంటూ ముఠావాడూ. లాయర్ తన రుమాలుతో కుర్చీ తుడిచి ఏజెంట్ భార్యను కూర్చోబెట్టాడు. ఆమె మెడలో సిల్కు స్కార్ఫ్. ఏజెంట్ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

“కొత్తదా?”

“ఆయనిచ్చారు.”

“ఆయనెవరు?”

“లాయరుగారు.”

ఏజెంట్ చూపు లాయర్ చేతుల మీదే ఉండిపోయింది. లాయర్ జేబులోంచి నల్ల ఫౌంటెన్ పెన్ను తీసి ముఠావాడికిచ్చాడు. వాడు గోడవైపు తిరిగి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, తాపీగా సంతకం చేశాడు. పెన్ను తిరిగి లాయర్ జేబులోకి వెళ్ళింది. ఏజెంట్ ముందుకు ఒక బాల్‌పెన్ను దొర్లింది.

“ఉక్కగా ఉంది,” అంది ఆమె. అది కోడ్: లాయర్ ఇటునుంచి ఇటే ఎయిర్‌పోర్టుకు.

ఏజెంట్ బాల్‌పెన్ను అందుకున్నాడు. పేరులో మొదటి అక్షరం రాశాడు. లాయర్ చెయ్యి ఆమె కుర్చీ వీపు మీదకు వెళ్ళింది.

“వాడికి ఫౌంటెన్ పెన్ను, నాకు ఈ చవక సరుకా?” అన్నాడు ఏజెంట్. “నా పెళ్ళాన్ని వదులుకుంటున్నాను. ఆ నల్లదివ్వు.”

“దాన్లో ఇంకు అయిపోయింది.”

“ఇప్పుడేగా వాడు రాశాడు!”

లాయర్ జేబు మీద చెయ్యి వేసుకుని తలుపు వైపు చూశాడు. ఆమె అప్పటికే తలుపుకు అడ్డంగా నిలబడింది. వార్డర్లు వచ్చి పెన్ను విప్పారు. ఇంకు గొట్టం చుట్టూ ఫిల్మ్ ఉంది.

ఆఫీసులో జప్తు చిట్టా చదువుతూ ఆమె ఆగింది.

“పెన్ను సరే, ఫిల్మ్ సరే. ఇందులో నా స్కార్ఫ్ ఎందుకండీ?”

“ఎవిడెన్స్,” అన్నాడు ఏజెంట్.

“అయితే అర్జీ వెనక్కి తీసుకోను,” అందామె. “జైలన్న కారణం కొట్టేసి, మొగుడి కుళ్ళు అని రాయిస్తాను.”