కిటికీ పక్క సీటు కోటా

బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. దాని కంప్యూటర్ ల్యాబులో కిటికీ పక్క సీటంటే పిల్లలకు హడలు. అక్కడ చీకటి పడ్డాక సేవ్ చేసిన ఫైలు ఖాళీ అయిపోతుందట. పేరుంటుంది... లోపల ఒక్క అక్షరం ఉండదు.

ఇలాంటి కబుర్లు నేను నమ్మను. కానీ ఇది మా చెరుకుపల్లి శ్రీవల్లికే జరిగింది.

రెండువేల నాలుగులో సంగతి. ఆ ల్యాబులో సీటుకో లాగిన్. ఏటా పాతవాళ్ళ పేరు తీసేసి, అదే నంబరు కొత్తవాళ్ళకు ఇస్తారు. ఆ ఏడు ఆ సీటు శ్రీవల్లికి పడింది.

తెల్లారితే ప్రాజెక్టు ఇవ్వాలి. ఇయ్యకపోతే డిగ్రీ పోయినట్టే. రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమంటోంది. గబగబా సేవ్ కొట్టింది — డిస్కులో ఉన్న పాత కాపీ చెరిగింది, కొత్తది ఎక్కలేదు; ఫైలు కాస్తా ఖాళీ అయింది. ఇక మిగిలింది తెర మీదున్నదే. యూపీఎస్ ఆగితే అదీ ఉండదు.

'కోటా నిండింది' అని తెర మీద పడింది.

ఒక్కొక్కరికి డిస్కులో ఇంతే చోటని పెట్టే హద్దు అది. ఆమెవి ఉన్నవే రెండు ఫైళ్ళు... మరి చోటంతా నింపిందెవరు?

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో వెనక ఎవరో నిలబడ్డట్టు...

"లేవకమ్మా. ఏదీ మూయకు."

ల్యాబు ఇన్‌చార్జి కృపారావుగారు. సర్వరు దగ్గర కూర్చుని కోటా ఆపే కమాండు కొట్టారు.

"ఇప్పుడు చెయ్యి," అన్నారు మెల్లగా.

సేవైంది.

"సార్... ఆ చోటెవరిదండి?"

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు.

"మా అమ్మాయి ప్రమీలారాణిదమ్మా. ఈ సీటే. జ్వరమొచ్చి పోయింది. లాగిన్ తీసేశాగానీ ఫైళ్ళు తియ్యడానికి చెయ్యి రాలేదు. వేరేచోట దాచా. వాటి మీద ఉన్నది ఈ సీటు నంబరే కదా... ఆ బరువంతా మీ మీద పడుతోంది. రాత్రయ్యేసరికి మీ ఫైలు పెరిగి చోటు చాలదు. దెయ్యమంటుంటే విని ఊరుకున్నా."

విన్నప్పుడు నాకు కోపమొచ్చింది. ఎంతమంది పిల్లలు ఏడ్చుంటారు? ఆ కోపం ఎంతోసేపు నిలవలేదులెండి.

"డిలీట్ చేసేస్తారా అండి?" అంది శ్రీవల్లి.

ఆయన తల అడ్డంగా ఊపారు. కూతురి ఫైళ్ళన్నీ తన నంబరు కిందికి మార్చుకుని, అప్పుడు కోటా మళ్ళీ పెట్టారు.

ఆ సీటులో ఇంకెవరి ఫైలూ పోలేదు. కృపారావుగారు మాత్రం అప్పట్నించి ల్యాబు రిపోర్టులు చేత్తోనే రాస్తారట. తన కోటా పెంచుకోవడం ఆయనకు చిటికెలో పని, అయినా పెంచుకోలేదు. కంప్యూటర్లో కొట్టచ్చు కదండీ అని ఎవరైనా అంటే —

"చోటు లేదండి... అమ్మాయి ఉంది," అంటారట.